మొహమాటం లేని మనిషి గురించి రాస్తూ

సెప్టెంబరు 4

సంగీత విమర్శకుడు హాన్స్ కెల్లర్ మీద వ్యాసం రాస్తానని ఎడిటరుగారికి ఒప్పుకున్నాను. ఆయన మనసులో ఉన్నది "రేడియోలో కూర్చుని అందర్నీ కడిగి ఆరేసిన పెద్దమనిషి". "ఘాటుగా రావాలమ్మా. ఆయన విసిరిన చురకలన్నీ ఏరి మధ్యలో బాక్సు కట్టి వేద్దాం" అన్నారు.

చురకలకేం, కావలసినన్ని. కండక్టర్లు, విమర్శకులు, సంగీత శాస్త్రం రాసేవాళ్లు, ఆపెరా దర్శకులు, వయోలా వాయించేవాళ్లు, వీళ్లందరివీ దొంగ వృత్తులని వాదించాడు. ఈ వాదన విమర్శ మీద అతను రాసిన పుస్తకంలోది, అది అతను పోయాక 1987లో అచ్చయింది. బాక్సుకి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. అయితే కెల్లర్ స్వయంగా వయోలా వాయించినవాడు. లండన్ పత్రికల్లో దశాబ్దాలపాటు విమర్శ రాసినవాడు. ఈ రెండు సంగతులూ పక్కన లేకుండా ఆ జాబితా వేస్తే పొగరుబోతు కనిపిస్తాడు. ఉంటే, తాను నిలబడ్డ నేలనే తవ్వి చూసుకున్నవాడు కనిపిస్తాడు. బాక్సు వద్దని చెప్పాలి.

ఖండితంగా మాట్లాడేవాళ్లతో వచ్చే చిక్కు ఇదే. వాళ్ల మాటల్ని ముందూ వెనకా తెంపి పెడితే ఇంకా బాగా పేలతాయి. తెంపినకొద్దీ మనిషి చిన్నబోతాడు. వ్యాసానికి మాత్రం నిగారింపు వస్తుంది.

కావలసిన వివరాలు ఇంతే: 1919లో వియన్నాలో యూదు కుటుంబంలో పుట్టాడు. 1938 చివర్లో లండన్ చేరాడు. 1959లో విలియం గ్లాక్ బీబీసీ సంగీత విభాగానికి పెద్దగా వచ్చిన కాలంలో ఉద్యోగంలో చేరి, 1979 దాకా ఉన్నాడు. ఇంగ్లీషు అతనికి నేర్చుకున్న భాష, వియన్నా యాస చివరిదాకా పోలేదు. 1985లో మరణించాడు.

సెప్టెంబరు 9

పియోతర్ జాక్ సంగతి. కెల్లర్ పేరెత్తితే అందరూ ముందు చెప్పే కథ ఇది, దాదాపు అందరూ తప్పు చెప్పే కథ కూడా. "ఉత్త చప్పుడుని గొప్ప సంగీతమని ప్రసారం చేశాడు, విమర్శకులు ఆహా ఓహో అన్నారు, పరువు పోయింది" అని చెబుతారు. నేను కూడా ఈ కథని ఇలాగే విన్నాను, స్టూడియోలో పనిచేసేవాళ్ల నోటనే.

1961 జూన్ 5న బీబీసీ రేడియో థర్డ్ ప్రోగ్రాంలో పియోతర్ జాక్ అనే ఒక యువ పోలిష్ స్వరకర్త రచన అంటూ టేపుకీ తాళవాద్యాలకీ కలిపి చేసినదొకటి ప్రసారమైంది. పన్నెండు నిమిషాలు. ఆ స్వరకర్త లోకంలో లేడు. స్టూడియోలో ఉన్న తాళవాద్యాల మధ్య తిరుగుతూ కెల్లర్, పియానో విద్వాంసురాలు సూసన్ బ్రాడ్‌షా తోచినట్టు మోగించిన చప్పుడు అది. టైమ్స్‌కి జెరెమీ నోబుల్, డైలీ టెలిగ్రాఫ్‌కి డొనాల్డ్ మిచెల్ సమీక్షలు రాశారు. ఇద్దరూ మెచ్చుకోలేదు. బాగాలేదనే రాశారు. వాళ్లు అనని మాట ఒక్కటే: ఇది అసలు రచనే కాదు అని.

కెల్లర్ అడిగిన ప్రశ్న సరిగ్గా అక్కడుంది. చెడ్డ సంగీతానికీ, సంగీతమే కానిదానికీ మధ్య తేడాని తెలిసిన చెవి కూడా పట్టుకోలేని కాలం వచ్చిందా? మన దగ్గర ఎవరైనా అపశ్రుతిలో పాడితే ముందు వరసలో కూర్చున్నవాళ్ల మొహాలు చెప్పేస్తాయి. రాగం తెలుసు, తాళం తెలుసు, ఎక్కడ జారిందో తెలుసు. 1961లో యూరప్‌లో కొత్త సంగీతానికి అటువంటి ఉమ్మడి ఆధారం లేదు. ప్రతి స్వరకర్తా తన నియమం తానే కట్టుకుంటున్న రోజులు. ఆ పరిస్థితిలో ఇది అడగవలసిన ప్రశ్నే. విమర్శకుల్ని వెర్రివాళ్లని చేయడం కోసమే అనడం అన్యాయం. ఆ తర్వాత నోబుల్‌నీ మిచెల్‌నీ పిలిచి రేడియోలోనే ఎదురుగా కూర్చోబెట్టి చర్చ పెట్టారు. దాక్కోలేదు.

ఇంకో సంగతి. దెబ్బ తిన్న మిచెల్ కెల్లర్‌కి పరాయివాడు కాడు. 1949 నుంచి 1952 దాకా ఇద్దరూ కలిసి "మ్యూజిక్ సర్వే" పత్రిక నడిపారు. స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ రచనల మీద 1952లో వచ్చిన పెద్ద పుస్తకానికి ఇద్దరూ సంపాదకులు. స్నేహం చూసి వదిలిపెట్టే మనిషి కాడు కెల్లర్. దాన్ని గుణమని రాయాలా, దోషమని రాయాలా? అలా జరిగిందని రాస్తాను, చాలు.

సెప్టెంబరు 10

నిన్న రాసినది మళ్లీ చదివాను. కెల్లర్ తరఫు మొత్తం వచ్చింది. నా అభ్యంతరం రాలేదు.

వినేవాడికి రేడియోలో కళ్లుండవు. పేరు, ఊరు, రచన, ఎవరు వాయిస్తున్నారు, అన్నీ అనౌన్సరు నోటి వెంటే రావాలి. ఎర్రదీపం వెలిగాక ఆ నోటి మాటకి ఉన్న విలువ అబద్ధం రాదన్న నమ్మకంతో వచ్చింది. క్యూ షీట్‌లో ఒక అక్షరం తేడా ఉన్నా డ్యూటీ రూమ్‌కి పరిగెత్తే పద్ధతిలో పెరిగినదాన్ని. లేని మనిషిని ఉన్నాడని చెప్పించడం నా దృష్టిలో ఆ నమ్మకాన్ని వాడుకుని పారేయడం. విమర్శకులకు పరీక్ష పెట్టాలంటే వాళ్లని గదిలో కూర్చోబెట్టి పెట్టొచ్చు. ఆ రాత్రి రేడియో ముందు కూర్చుని, అర్థం చేసుకోవాలని మనస్ఫూర్తిగా ప్రయత్నించిన మామూలు శ్రోత ఏ పాపం చేశాడు?

రెండోది. నిజంగా ఉన్న యువ స్వరకర్తలు, నిజంగా కష్టపడి రాస్తున్నవాళ్లు. కొత్త సంగీతమంటే పడనివాళ్లకి జాక్ పేరు ఒక కర్రలా దొరికింది. ఆధునిక స్వరకర్త షోన్‌బెర్గ్ కోసం జీవితమంతా వాదించిన కెల్లర్ ఆ కర్రని తన ప్రత్యర్థుల చేతికే ఇచ్చాడని నా అభిప్రాయం. దీన్ని మెత్తబరచకుండా రాస్తాను. అతనైతే ఇంకా గట్టిగా రాసేవాడు.

సెప్టెంబరు 15

సాయంత్రం వయొలిన్ మాస్టారింటికి వెళ్లాను. కెల్లర్ ఎక్కడ నేర్చుకున్నాడో చెప్పాను. వియన్నాలో ఆస్కర్ ఆడ్లర్ అనే ఆయన ఇంట్లో క్వార్టెట్‌లు జరిగేవి: రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, వినడానికి వచ్చేవాళ్లు లేకపోయినా ఆగని వాయింపు. ఆడ్లర్ షోన్‌బెర్గ్‌కి చిన్ననాటి స్నేహితుడు, అతనికి తొలి పాఠాలు చెప్పినవాడు. కుర్రవాడుగా కెల్లర్ ఆ నలుగురిలో ఒకడు. అందుకే క్వార్టెట్‌ని లోపల కూర్చుని వాయించనివాడికి అది పూర్తిగా తెలియదని అనేవాడు.

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "నిజమేనమ్మా. పక్కవాద్యం కూర్చున్నవాడికి గాయకుడు తర్వాత ఎటు వెళ్తాడో ముందే వినపడుతుంది. ఎదురుగా ఉన్నవాళ్లకి వెళ్లాక వినపడుతుంది. అయితే ఎదురుగా ఉన్నవాళ్లు లేకపోతే మేం ఎవరికోసం వాయించినట్టు?"

"మరి ఆయన ఇరవై ఏళ్లు ప్రసారం చేసింది ఎదురుగా ఉన్నవాళ్లకేగా మాస్టారూ" అన్నాను.

"అదీ రాయి" అన్నారు.

రాస్తాను. ఎందుకంటే అతను చేసిన అన్నిటిలోకీ నాకు ఎక్కువ ఇష్టమైన పని ఇక్కడిదే. 1957లో, బీబీసీలో ఉద్యోగం రాకముందే, మోజార్ట్ డి మైనర్ క్వార్టెట్‌కి మాటల్లేని విశ్లేషణ చేశాడు. ఉపన్యాసం లేదు, వ్యాఖ్యానం లేదు. మోజార్ట్ భాగాల మధ్య తాను రాసిన చిన్న చిన్న ఖండికలు పెట్టి, అవే నాలుగు వాద్యాలతో వాయింపించాడు. ఒకదానికొకటి సంబంధం లేనట్టు వినపడే రెండు ఇతివృత్తాలు ఒకే మూలం నుంచి ఎలా వచ్చాయో ఆ ఖండికలు విని తెలుసుకోవాలి. థర్డ్ ప్రోగ్రాంలో ప్రసారమైంది. ఆ తర్వాత ఇలాంటివి ఇంకా చేశాడు. క్వార్టెట్‌లో కూర్చోలేని శ్రోతని కాసేపు ఆ నలుగురి మధ్యకి తీసుకుపోయే దారి అది. నోటి దురుసు అని పేరు పడ్డ మనిషి తన వాదనలో అన్నిటికన్నా ముఖ్యమైనదాన్ని చెప్పడానికి నోరు తెరవలేదు. ఎడిటరుగారి "కడిగి ఆరేసిన పెద్దమనిషి"లో దీనికి చోటెక్కడ?

సెప్టెంబరు 22

అన్నయ్య కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. వాడికి పింక్ ఫ్లాయిడ్ రాక్ బృందం అంటే ప్రాణం. 1967 మే నెలలో బీబీసీ టీవీలో కెల్లర్ వాళ్లని పలకరించిన వీడియో ఇద్దరం చూశాం. సిడ్ బారెట్, రోజర్ వాటర్స్, ఇద్దరూ చిన్నపిల్లల్లా ఉన్నారు. కెల్లర్ ఎందుకింత గట్టిగా వాయిస్తారని అడిగాడు, తాను స్ట్రింగ్ క్వార్టెట్‌లతో పెరిగినవాణ్నని చెప్పాడు. చివర్లో, ఇది కొంత బాల్యంలోకి వెనక్కి మళ్లడంలా ఉంది, ఉంటే ఉందిలే అన్న ధోరణిలో ముగించాడు.

"చూశావా అత్తా, ముందే నిర్ణయించేసుకుని వచ్చాడు."

"వచ్చాడు. వచ్చానని ముందే చెప్పాడు కదరా. తనకి ఇది పూర్తిగా ఎక్కదని చూసేవాళ్లకి మొదటే చెప్పి మరీ అడిగాడు."

"చెబితే సరిపోతుందా?"

సరిపోదు. కానీ అది చిన్న విషయం కూడా కాదు. తన పక్షపాతం ఎటు ఉందో ముందు పెట్టి, ఎదుటివాళ్లని అడిగి, వాళ్లు జవాబు చెబుతుంటే మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. వాళ్లూ మర్యాదగా, తడుముకోకుండా చెప్పారు. ఇవాళ టీవీ చర్చల్లో అంత నిదానం కనపడదు.

పైగా జనరంజకమైనదంటే చిన్నచూపు ఉన్నవాడు కాడు. గెర్ష్విన్‌ని మహా స్వరకర్తల్లో ఒకడని వాదించాడు. 1940ల చివర్లో, ఇంగ్లండులో సినిమా సంగీతాన్ని సంగీతంగా విని రాసిన కొద్దిమందిలో ఒకడు. ఫుట్‌బాల్ మీద కూడా అంతే శ్రద్ధగా రాశాడు. పింక్ ఫ్లాయిడ్ వీడియో ఒక్కటే చూపిస్తే ఇదంతా చెరిగిపోతుంది. ఇంటర్నెట్‌లో అతన్ని ఎరిగినవాళ్లలో సగానికి సగం మందికి అతను ఆ కొద్ది నిమిషాలే.

అయినా శబ్దం విషయంలో అతను పొరబడ్డాడనే అనుకుంటున్నాను. నలుగురు ఒక గదిలో కూర్చుని వాయించుకునే సంగీతం అతని చెవిని తీర్చింది. రథోత్సవంలో డోలు, సన్నాయి విన్నవాళ్లకి తెలుసు, ఆ పెద్ద శబ్దం సంగీతం మీద వేసిన బరువు కాదని. వీధి వెడల్పు, జనం మధ్య నడక, ఒంట్లో పుట్టే అదురు, అన్నీ కలిస్తేనే ఆ సన్నాయి. ఎందుకింత గట్టిగా అన్న ప్రశ్నకి జవాబు ఆ శబ్దంలోనే ఉంటుంది, గదిలో కూర్చుని అడిగితే దొరకదు. ఇది మేనల్లుడి వాదనలోంచి వచ్చింది. వాడి పేరు చెప్పకుండా వాడి అభ్యంతరాన్ని వ్యాసంలో పెడతాను.

సెప్టెంబరు 27

అభిప్రాయం ఉండటం వేరు, అభిప్రాయం చేతికి తాళంచెవి రావడం వేరు. ఇది రాయకుండా రేడియో మనుషుల గురించి రాయలేం.

మన ఆకాశవాణి చరిత్రలోనే ఉంది. 1940 మార్చిలో హార్మోనియాన్ని రేడియో నుంచి బహిష్కరించారు. మన గమకాలకీ శ్రుతులకీ అది పనికిరాదన్నది కొందరి గట్టి అభిప్రాయం, దానికి బలమైన కారణాలూ ఉన్నాయి. కానీ అభిప్రాయం ఉత్తర్వుగా మారాక ముప్పై ఏళ్లు హార్మోనియం వాయించేవాళ్లకి మైకు అందలేదు. 1971లో గాని సడలలేదు. మన పద్యనాటకాల ఊళ్లలో హార్మోనిస్టు ఎంత పెద్దవాడో తెలిసినవాళ్లకి ఆ ముప్పై ఏళ్ల బరువు తెలుస్తుంది. అలాగే బి.వి. కేస్కర్. 1952 నుంచి పదేళ్లు సమాచార ప్రసార మంత్రి. శాస్త్రీయ సంగీతానికి ఆయన కల్పించిన అవకాశాలు నిజం. ఆయన హయాంలో సినిమా పాటలు ఆకాశవాణి నుంచి దాదాపు మాయమై, జనం రేడియో సిలోన్‌కి మళ్లడమూ నిజమే. 1957 అక్టోబరులో వివిధ భారతి వచ్చాక గాని ఆ పాటలు ఇంటికి రాలేదు.

కెల్లర్ దగ్గరా ఒక తాళంచెవి ఉంది. చాంబర్ సంగీతం, తర్వాత ఆర్కెస్ట్రా, ఆ తర్వాత కొత్త సంగీతం విభాగాలు చూశాడు. ఏది గాలిలోకి వెళ్లాలో చెప్పగల కుర్చీ. అతని అభిరుచికి సరిపడక ఆగిపోయిన రచనలు ఉండే ఉంటాయి. ఆ పేర్లు నా దగ్గర లేవు, కనక నింద వేయను. ఆ కుర్చీ ఉందని మాత్రం రాస్తాను, "స్వతంత్ర విమర్శకుడు" అన్న మాట వాడను. అదే కుర్చీలో కూర్చుని 1969లో బీబీసీ తన ప్రసారాల్ని ఒక్కో స్టేషన్‌లో ఒక్కో రకం సరుకుగా విడగొట్టే ప్రణాళిక తెచ్చినప్పుడు బహిరంగంగా ఎదిరించినవాళ్లలో ముందున్నాడు. జీతం ఇచ్చేవాళ్ల మీద కూడా మొహమాటం లేదు. ఈ రెండూ ఒకే పేరాలో ఉండాలి. వేరు వేరు చోట్ల పెడితే ఏదో ఒకదాన్నే చదువుతారు.

అక్టోబరు 3

1938 గురించి ఎక్కడ రాయాలి?

ఆస్ట్రియాని జర్మనీ కలిపేసుకున్న ఏడాది. నవంబరులో నాజీలు కెల్లర్‌ని పట్టుకెళ్లారు, కొట్టారు. బతికి బయటపడితే ఇక జన్మలో విసుగుమొహం పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడట. 1974లో రేడియోలో తానే చెప్పాడు, తగ్గించీ హెచ్చించీ చెప్పకుండా. లండన్ చేరాక 1940లో శత్రుదేశస్థుడని అక్కడివాళ్లే నిర్బంధించారు. ఆ శిబిరాల్లోనే తర్వాత అమడేయస్ క్వార్టెట్‌గా పేరుపొందిన నలుగురిలో ముగ్గురు కూడా ఉన్నారు.

ఇది వ్యాసం మొదట్లో పెడితే చదివేవాళ్లు కరిగిపోతారు. ఆ తర్వాత జాక్ గురించి నా అభ్యంతరం చెబితే ఎవరూ వినరు, పాపం అంత బాధపడ్డవాడు అంటారు. చివర్లో పెడితే క్షమాపణ పత్రంలా ఉంటుంది. అతను పడ్డ బాధ అతని అభిప్రాయాలకి కవచం కాదు. అతనూ అలా వాడుకోలేదు. మధ్యలో, ఆడ్లర్ ఇంటి క్వార్టెట్ పక్కనే పెడతాను. ఆ ఇల్లు ఏమైపోయిందో చెప్పినట్టుంటుంది.

అక్కడే ఫ్రాంజ్ ష్మిట్ కూడా రావాలి. స్వరకర్త. ఆ క్వార్టెట్‌లలో చెల్లో వాయించినవాడు. నాజీలు వచ్చాక వాళ్లని కీర్తించే ఒక రచన మొదలుపెట్టి, పూర్తిచేయకుండానే 1939లో చనిపోయాడు. నాజీల చేతిలో దెబ్బలు తిన్న కెల్లర్‌కి ఆయన పేరు తుడిచేసే హక్కు ఎవరికన్నా ఎక్కువ ఉంది. తుడవలేదు. తాను చూసిన సంగీతజ్ఞుల్లో ష్మిట్ ఎంత సమగ్రమైనవాడో చివరిదాకా చెబుతూ వచ్చాడు. ఒక మనిషి చేసిన తప్పుని దాచకుండా, ఆ తప్పుతో అతని చెల్లోని ముంచేయకుండా మాట్లాడటం ఎలాగో ఇక్కడ కెల్లరే చూపించాడు. అతని గురించి రాసేటప్పుడు నాకు కావలసిన కొలత వేరే ఎక్కడా వెతకనక్కర్లేదు.

వ్యాసంలో చోటు లేదు గాని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను: మన ఆకాశవాణి పొద్దున్నే మొదలయ్యే ముందు వినిపించే ఆ తంబురా, వయొలిన్ బాణీ కట్టింది వాల్టర్ కాఫ్‌మన్ అని చెబుతారు. చెక్ దేశం నుంచి హిట్లర్ కాలంలో బొంబాయి వచ్చిన యూదు సంగీతజ్ఞుడు. తరిమేసిన ఊళ్లు ఎవరెవరి రేడియోలకి ఎవరెవర్ని ఇచ్చాయో.

అక్టోబరు 8

ఎడిటరుగారి ఫోను. చిత్తుప్రతి చదివారు. "బాగుంది గానీ, ఇంతకీ మీరు ఆయన వైపా, కాదా తేలడం లేదమ్మా" అన్నారు.

"మోజార్ట్ విశ్లేషణలో ఆయన వైపు. ష్మిట్ విషయంలో ఆయన వైపు. జాక్ విషయంలో కాదండీ, పింక్ ఫ్లాయిడ్ విషయంలో మా మేనల్లుడి వైపు. బ్రిటెన్ విషయంలో నేను చెప్పేదేం లేదు, బ్రిటెనే చెప్పాడు" అన్నాను. బ్రిటెన్ 1975లో రాసిన మూడో స్ట్రింగ్ క్వార్టెట్‌ని కెల్లర్‌కి అంకితమిచ్చాడు. మరుసటి ఏడాది డిసెంబరులో బ్రిటెన్ పోయిన కొద్దిరోజులకి, అమడేయస్ క్వార్టెట్ దాన్ని మొదటిసారి కచేరీలో వాయించింది. మిచెల్, కెల్లర్ కలిసి వేసిన పుస్తకం నాటికి బ్రిటెన్‌కి నలభై ఏళ్లు నిండలేదు. బతికున్న, ఇంకా రాస్తున్న స్వరకర్త మీద అంత ముందే గట్టిగా నిలబడటం, నిలబడ్డది నిలవడం, ఇది చురకల మనిషి చేసే పని కాదు.

హార్మోనియం పేరా తీసేయమన్నారు, విషయాంతరమని. తీయనన్నాను. బీబీసీలో ఉన్న తాళంచెవి మన పాఠకుడికి అర్థం కావాలంటే మన ఇంటి తలుపు చూపించాలి. జాక్ పేరాలో "మోసం" అన్న మాటకి బదులు "చమత్కారం" అని పెట్టారు, అదీ మార్పించాను. బాక్సు లేదు. దాని బదులు కెల్లర్ భార్య మిలైన్ కాస్‌మన్ గీసిన అతని రేఖాచిత్రం ఒకటి వేసుకోవడానికి అనుమతి అడగమన్నాను, ఆమె సంగీతజ్ఞుల్ని వాయిస్తుండగానే గీసేది. అనుమతి రాకపోతే బొమ్మ లేకుండానే వెళ్తుంది. నిడివి తగ్గించాలంటే నా పరిచయ వాక్యాలు తగ్గించుకోమన్నాను, మోజార్ట్ విశ్లేషణలో ఒక్క పంక్తి కూడా తీయొద్దన్నాను.